రాజమండ్రి నుంచి రాబోయే గ్రహణాలు: టైమ్ లెక్క, చోటు, కళ్లజోడు, అన్నీ వరుసగా

గ్రహణం వార్త రాగానే నాకు వచ్చే మెసేజ్ ఒక్కటే: "ఇది మనకి ఉందా?" ఉందంటే రెండో ప్రశ్న: "ఎన్నింటికి?" ఆ రెండూ తెలిస్తే చాలదని నాకు 2026 మార్చి 3న అర్థమైంది.

ఆ రోజు సంపూర్ణ చంద్రగ్రహణం. సంపూర్ణ దశ మన సాయంత్రం ఐదున్నరకే అయిపోయింది. చంద్రుడు ఇంకా గ్రహణంలో ఉండగానే మన ఊళ్లో ఉదయిస్తాడని, విడుపు 6:48కని లెక్క చూసుకున్నాను. పిల్లల్ని తీసుకుని దర్జాగా పుష్కర ఘాట్‌కి వెళ్లి, గోదావరి వైపు తిరిగి కూర్చున్నాను. గోదావరి మనకి పడమర. పున్నమి చంద్రుడు ఉదయించేది తూర్పున. ఆ సంగతి గుర్తొచ్చి వెనక్కి తిరిగితే అపార్ట్‌మెంట్లు. చంద్రుడు వాటి మీదికి వచ్చేసరికి అంచున కాస్త మసక తప్ప ఏమీ మిగల్లేదు. మా చిన్నది ఇప్పటికీ "నాన్నా, ఈసారి ఎటు తిరిగి కూర్చోవాలి?" అని అడుగుతూనే ఉంటుంది.

కాబట్టి ఈ వ్యాసం ఎటు తిరిగి కూర్చోవాలో కూడా చెబుతుంది. లెక్కలన్నీ రాజమండ్రికి వేసినవి: సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.8 డిగ్రీల తూర్పు రేఖాంశం. కొవ్వూరు, ధవళేశ్వరం, కాకినాడ, తణుకు వాళ్లకి తేడా నామమాత్రమే. హైదరాబాద్, తిరుపతి వాళ్లు చంద్రగ్రహణం టైములు ఇవే వాడుకోవచ్చు, సూర్యగ్రహణం టైములు మాత్రం వాడకూడదు. ఎందుకో రెండో భాగంలో చెప్తాను.

## 1. ముందు నాలుగు ప్రశ్నలు

ఏ గ్రహణం పేరు విన్నా ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి.

□ ఏ గ్రహణం? సూర్యుడిదా, చంద్రుడిదా? పాక్షికమా, సంపూర్ణమా, వలయమా (సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలేది), పలచని నీడదా?
□ ఆ టైముకి మన ఊళ్లో ఆ బింబం ఆకాశంలో ఉంటుందా?
□ ఉంటే ఏ దిక్కున, ఎంత ఎత్తున?
□ ఆ నెలలో మన ఆకాశం ఎలా ఉంటుంది?

రెండో ప్రశ్న దగ్గరే సగం గ్రహణాలు రాలిపోతాయి. 2026 ఆగస్టు 12 సంపూర్ణ సూర్యగ్రహణం గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ వాళ్లది. ఆగస్టు 28 పాక్షిక చంద్రగ్రహణం మన లెక్కలో ఉదయం ఎనిమిది దాటాకే మొదలు. అప్పటికి మనకి చంద్రుడే ఉండడు. వాట్సాప్‌లో రెండింటికీ నియమాలతో సహా మెసేజ్‌లు తిరుగుతాయి, చూడండి.

ఇంకో మాట. పలచని నీడ గ్రహణాన్ని లెక్కలోంచి తీసేయండి. చంద్రుడు భూమి ముదురు నీడలోకి వెళ్లకుండా దాని చుట్టూ ఉండే మసక నీడలోంచి వెళ్లిపోవడమే అది. 2027లో చంద్రగ్రహణాలన్నీ ఇలాంటివే. పంచాంగాలు కూడా వాటిని పట్టించుకోవు. మామూలు కంటికి తేడా తెలియడం కష్టం. అలారం పెట్టుకుని లేచి తిట్టుకోవద్దు.

## 2. టైమ్ మార్చుకోవడం: ఎక్కువ మంది తప్పే చోటు

అంతర్జాతీయ పట్టికలన్నీ విశ్వకాలంలో (UT అని రాసే గ్రీనిచ్ టైమ్) ఉంటాయి. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైమ్. కలిపాక రాత్రి 12 దాటితే తారీఖు కూడా మారుతుంది. మనవాళ్లు మర్చిపోయేది దీన్నే.

ఉదాహరణకి 2029 డిసెంబరు 20 చంద్రగ్రహణం. విశ్వకాలంలో మధ్యకాలం 22:42. మనకి అది డిసెంబరు 21 తెల్లవారుజామున 4:12. పట్టికలో 20 అని చూసి ఆ రాత్రి పది గంటలకి డాబా ఎక్కితే మామూలు పున్నమి చంద్రుడు కనిపిస్తాడు, అంతే.

ఇక చంద్రగ్రహణానికీ సూర్యగ్రహణానికీ ఉన్న ముఖ్యమైన తేడా. చంద్రగ్రహణంలో నీడ చంద్రుడి మీదే పడుతుంది. అందుకే పట్టు, మధ్యకాలం, విడుపు దేశమంతా ఒకే క్షణంలో. ఊరిని బట్టి మారేవి చంద్రోదయం, చంద్రాస్తమయం మాత్రమే. సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ భూమి మీద పరుగెడుతుంది. కాబట్టి ఊరూరికీ టైమూ మారుతుంది, బింబం ఎంత కప్పుకుంటుందన్నదీ మారుతుంది.

2022 అక్టోబరు 25, దీపావళి మర్నాడు సూర్యగ్రహణం గుర్తుందా? టీవీలో హైదరాబాద్ టైములు చెప్పారు. మన దగ్గర సూర్యుడు అక్కడికంటే ముందే అస్తమించాడు. హైదరాబాద్ వాళ్లకి దక్కినంతసేపు మనకి దక్కలేదు.

టైములు ఎక్కడ చూడాలి? కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ప్రతి గ్రహణానికీ ముందు ఊళ్లవారీగా వివరాలు ఇస్తుంది. నాసా గ్రహణాల పట్టికలు, టైమ్ అండ్ డేట్ సైట్ కూడా నమ్మదగినవే. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఊరు రాజమండ్రి అని పెట్టి, తారీఖు మార్చి, గడియారాన్ని ముందుకు తిప్పితే గ్రహణం మొత్తం కళ్లముందు నడుస్తుంది. పిల్లలున్న ఇంట్లో నేను ముందు ఇదే చేయిస్తాను.

పంచాంగం చూసేవాళ్లకి: స్పర్శ అంటే పట్టు, మోక్షం అంటే విడుపు. గ్రహణంతోనే ఉదయిస్తే గ్రస్తోదయం, గ్రహణంతోనే అస్తమిస్తే గ్రస్తాస్తమయం. నేను ఘాట్‌లో పోగొట్టుకున్నది గ్రస్తోదయం. ఆ మాట పంచాంగంలో కనపడగానే దిక్చక్రం (నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) దాకా అడ్డులేని తూర్పు కావాలని అర్థం చేసుకోండి.

## 3. 2027 నుంచి 2031 దాకా మన ఊరికి దక్కేవి

చంద్రగ్రహణాల టైములు నిమిషం అటూఇటూగా సరిపోతాయి. సూర్యగ్రహణాల టైములు ఉజ్జాయింపు మాత్రమే. వారం ముందు పైన చెప్పిన చోట్ల సరిచూసుకోండి.

2027 ఆగస్టు 2, సోమవారం, పాక్షిక సూర్యగ్రహణం. దక్షిణ స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, సౌదీలో సంపూర్ణం. ఈజిప్టులోని లక్సర్ దగ్గర 6 నిమిషాలు పైగా చీకటి. మనకి సాయంత్రం నాలుగు ప్రాంతంలో మొదలై ఐదున్నర దాటాక ముగుస్తుంది. ఐదుకి కాస్త ముందు గరిష్ఠం. సూర్యబింబం వ్యాసంలో (అడ్డకొలతలో) సుమారు పావు నుంచి మూడో వంతు దాకా కప్పుకుంటుంది. దిక్కు పడమర, కాస్త ఉత్తరానికి.

2028 జులై 6 రాత్రి, పాక్షిక చంద్రగ్రహణం. రాత్రి 10:40కి పట్టు, 11:50కి మధ్యకాలం, 1:00కి విడుపు. దక్షిణాన, ఆకాశంలో సగం ఎత్తున. వానాకాలం, ఆశ కొంచెం తగ్గించుకోండి.

2028 డిసెంబరు 31 రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం. ఈ అయిదేళ్లలో ఒక్కటే చూస్తానంటే ఇది చూడండి. 8:37కి పట్టు, 9:46 నుంచి 10:57 దాకా సంపూర్ణం, అర్ధరాత్రి దాటిన ఆరు నిమిషాలకి విడుపు. తూర్పు వైపు బాగా ఎత్తున, మేడల బెడద లేకుండా. జనం ఎలాగూ ఆ రాత్రి మేలుకునే ఉంటారు. కొత్త సంవత్సరం కేకు కోసే వేళకి చంద్రుడి అంచున చివరి మచ్చ తొలగుతుంటుంది.

2029 డిసెంబరు 21 తెల్లవారుజాము, సంపూర్ణ చంద్రగ్రహణం. 2:25కి పట్టు, 3:45 నుంచి 4:39 దాకా సంపూర్ణం, 6:00కి విడుపు. చంద్రుడు పడమటికి దిగుతుంటాడు. ఇదీ అసలు గోదావరి గట్టు గ్రహణం. ఒక్కటే భయం, పొగమంచు.

2030 జూన్ 15 రాత్రి, పాక్షిక చంద్రగ్రహణం. 10:50కి పట్టు, 12:03కి మధ్యకాలం, 1:15కి విడుపు. వ్యాసంలో సగం కప్పుకుంటుంది.

2031 మే 21, సూర్యగ్రహణం. కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా వలయం. మనకి పాక్షికమే అయినా పెద్దది. వ్యాసంలో దాదాపు 70 శాతం. పదకొండున్నర ప్రాంతంలో మొదలై మూడు దాటేదాకా. ఒంటిగంట దాటాక గరిష్ఠం.

ఇక ఇందులో లేనిది: 2030 జూన్ 1 సూర్యగ్రహణం. ఉత్తర భారతంలో కనిపిస్తుంది కాబట్టి ఛానళ్లు రోజంతా అదే చూపిస్తాయి. రాజమండ్రి దాకా ఆ నీడ రాదు.

## 4. చోటు ఎంచుకోవడం

చెయ్యి ముందుకి బారుగా చాపి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చేతులు పొట్టైనా పొడుగైనా పిడికిలీ అదే దామాషాలో ఉంటుంది కాబట్టి లెక్క అందరికీ పనిచేస్తుంది. దిక్చక్రం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ వెళ్లండి.

- 2027 ఆగస్టు 2, గరిష్ఠం వేళ: రెండు పిడికిళ్ల కంటే కాస్త పైన. ముగిసేసరికి పిడికిలిన్నర కూడా ఉండదు.
- 2028 జులై 6, 2030 జూన్ 15: దక్షిణాన ఐదు పిడికిళ్లు.
- 2028 డిసెంబరు 31: ఆరున్నర.
- 2029 డిసెంబరు 21: సంపూర్ణం వేళ మూడు, విడుపు వేళ ఒక్కటి కూడా కాదు.
- 2031 మే 21: ఏడు. దాదాపు నెత్తిమీద.

పది రోజుల ముందు, అదే టైముకి, ఫోన్లో దిక్సూచి పెట్టుకుని మీరు అనుకున్న చోట నిలబడండి. ఆ దిక్కున ఆ ఎత్తుకి ఏం అడ్డొస్తోంది? కొబ్బరిచెట్టా, వాటర్ ట్యాంకా, పక్కింటి కొత్త అంతస్తా? దిక్సూచిని ఇనుప గేటు పక్కన, కారు పక్కన పట్టుకోవద్దు, అబద్ధం చెబుతుంది.

పడమర కావలసిన గ్రహణాలకి (2027, 2029) గోదావరి గట్టుని మించింది లేదు. అవతల కొవ్వూరు దాకా అడ్డేమీ ఉండదు. కాకపోతే ఆగస్టు అంటే వరద రోజులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తారు. ఆ హెచ్చరిక ఉన్నా, మెట్లు మునిగి ఉన్నా ఘాట్ మాట మర్చిపోండి. పడమర తెరిపి ఉన్న డాబా చాలు. సూర్యుడి వైపే చూస్తూ మెట్ల అంచున వెనక్కి అడుగులేసే పని వరద లేకపోయినా మంచిది కాదు.

మిగతా గ్రహణాలన్నిటికీ మీ ఇంటి డాబాయే బెస్ట్. వీధి లైటు కంట్లో పడకుండా ట్యాంకు నీడన కుర్చీ వేసుకోండి.

## 5. సూర్యగ్రహణం: కళ్ల సంగతి

ఈ భాగం మాత్రం తొందరలో చదవద్దు.

పాక్షిక గ్రహణంలో సూర్యుణ్ని నేరుగా చూడదగ్గ క్షణం ఒక్కటి కూడా లేదు. 70 శాతం కప్పుకున్నా మిగిలిన ముక్క కంటి వెనక పొరను కాల్చడానికి చాలు. ఆ పొరకి నొప్పి తెలియదు. చూస్తున్నప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాతో మర్నాడో చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. ఒక్కోసారి అది పోదు. 2031లో వలయం చూద్దామని కేరళ వెళ్లినా ఇదే నియమం. వలయం వేళ కూడా కళ్లజోడు తీయకూడదు.

పనికొచ్చేవి:

□ ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లజోడు
□ వెల్డింగ్ అద్దం, 14వ నంబర్ మాత్రమే
□ నేరుగా చూడకుండా నీడ మీద చూసే పద్ధతులు (తర్వాతి భాగం)

పనికిరానివి, ఎవరు చెప్పినా సరే:

- ఎక్స్‌రే ఫిల్మ్. మా చిన్నప్పుడు వీధిలో అందరం ఒకే ఎక్స్‌రే ముక్కతో చూశాం. బయటపడ్డాం కాబట్టి మంచిదని కాదు.
- మసి పట్టించిన గాజు, సీడీ, నల్ల కళ్లద్దాలు రెండు జతలు కలిపి.
- పళ్లెంలో పసుపు నీళ్లు, పేడ నీళ్లు. నీటిలో ప్రతిబింబం కూడా సూర్యుడే. తల వంచుకుని చూస్తున్నాం కదా అని ధైర్యంగా ఎక్కువసేపు చూస్తారు, అదే ప్రమాదం.
- కెమెరా కోసం అమ్మే మామూలు నల్ల ఫిల్టర్లు. అవి కంటికి కాదు.
- వెల్డింగ్ షాపులో దొరికే 10, 11 నంబర్ అద్దాలు. షాపతను "ఇదే అందరూ పట్టుకెళ్తారు సార్" అంటాడు. నంబర్ చదివి తీసుకోండి.

కళ్లజోడు నెల ముందే కొనండి. చివరి మూడు రోజుల్లో బజార్లోకి దిగే సరుకులో ఏది అసలో చెప్పడం కష్టం. గ్రహణాల ముందు జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు, ప్లానిటోరియంలు అందుబాటులో ఉంచుతుంటాయి, అక్కడ కనుక్కోండి.

ఇంట్లో పరీక్ష: జోడు పెట్టుకుని గదంతా చూడండి. ఏమీ కనిపించకూడదు. ట్యూబ్‌లైట్ స్పష్టంగా కనిపిస్తే అది ఆటవస్తువు. ఫోన్ ఫ్లాష్‌ని ఫిల్మ్ వెనక పెట్టి సూది బెజ్జం, గీత ఉన్నాయేమో వెతకండి. ఉంటే కత్తిరించి పారేయండి. దాచి ఉంచితే ఎవరో ఒకరు పెట్టుకుంటారు.

వాడే పద్ధతి: తల దించి జోడు పెట్టుకోవాలి, తర్వాత తల ఎత్తాలి. చూశాక తల దించి అప్పుడు తీయాలి. చూపు కళ్లద్దాలు ఉన్నవాళ్లు వాటి మీదే పెట్టుకోవాలి. పిల్లలకి చెవుల దగ్గర జారిపోతుంది కాబట్టి వెనక రబ్బరు బ్యాండు కట్టండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు: గ్రహణం కళ్లజోడు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూడటం. బైనాక్యులర్ ఎండనంతా ఒకచోట పోగేసి ఆ పలచని ఫిల్మ్‌ని క్షణాల్లో కాల్చేస్తుంది. బైనాక్యులర్‌కైనా టెలిస్కోప్‌కైనా ఫిల్టర్ ఉండాల్సింది సూర్యుడి వైపు కొసన, కంటి వైపు కాదు.

## 6. నీడ మీద చూసే మూడు పద్ధతులు

కళ్లజోడు ఒక్కటే ఉండి చూసేవాళ్లు ఇరవై మంది ఉంటే ఇవే దిక్కు.

చిల్లుల గరిటె. బూందీ గరిటె గానీ జల్లెడ గానీ ఎండలో పట్టుకుని, నీడ గచ్చు మీద పడేలా చూడండి. ప్రతి చిల్లూ ఒక చిన్న సూర్యుడౌతుంది, కొరికిన అప్పచ్చిలాగా. గచ్చు మీద తెల్ల కాగితం పరిస్తే ఇంకా బావుంటుంది. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు కూడా అలాగే మారతాయి. పిల్లలకి నేను చూపించేది ముందు ఇదే. 2031లో సూర్యుడు నెత్తిమీద ఉంటాడు కాబట్టి చెట్టు నీడ అద్భుతంగా పనిచేస్తుంది.

పెట్టె. సీలింగ్ ఫ్యాన్ వచ్చిన పొడుగాటి అట్టపెట్టె లాంటిది తీసుకోండి.

1. ఒక కొసన రెండు అంగుళాల చదరం కోసి, దాని మీద ముడతల్లేని అల్యూమినియం ఫాయిల్ అంటించండి.
2. ఫాయిల్ మధ్య గుండుసూదితో ఒకే ఒక్క బెజ్జం. సూది తిప్పి పెద్దది చేయకండి.
3. రెండో కొసన లోపల తెల్ల కాగితం అంటించండి.
4. ఆ కాగితం కనిపించేలా పక్కన చిన్న కిటికీ కోయండి.
5. సూర్యుడికి వీపు పెట్టి, భుజం మీదుగా ఎండ బెజ్జంలో పడేలా పెట్టెను సర్దండి.

బెజ్జానికీ కాగితానికీ మధ్య మీటరు దూరం ఉంటే బొమ్మ 9 మిల్లీమీటర్లే వస్తుంది. అంత చిన్నదా అని బెజ్జం పెద్దది చేస్తారు. అప్పుడు బొమ్మ పెద్దదవదు, అలుక్కుపోతుంది. బొమ్మ పెద్దది కావాలంటే పెట్టె పొడుగు పెంచాలి.

అద్దం. ముఖం చూసుకునే చిన్న అద్దాన్ని కాగితంతో కప్పి, మధ్యలో బటాణీ గింజంత చిల్లు ఉంచండి. ఎండలో పెట్టి ఆ వెలుగును చీకటి గదిలో గోడ మీదికి మళ్లించండి. పది మీటర్ల దూరంలో గోడ మీద 9 సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు. బడిలో చూపించడానికి ఇదే నా ఓటు. అద్దాన్ని చేత్తో పట్టుకోకండి, వణుకుతుంది. బియ్యం పోసిన గిన్నెలో గుచ్చి నిలబెట్టండి. ఎవరి ముఖం మీదికీ వెలుగు పడకూడదు.

## 7. 2027 ఆగస్టు 2: ఆ రోజు వరుస

- మధ్యాహ్నం 2:00. ఉపగ్రహ మేఘ చిత్రం చూడండి. మన మీద మబ్బు కమ్మి పడమర ఖాళీగా ఉంటే ఓపిక పట్టండి. వానాకాలం మబ్బు గంటలో విడిపోతుంది.
- 3:30. చోటుకి చేరండి. టోపీ, నీళ్లు. జోడు ఇంకోసారి పరీక్షించండి.
- 3:50. పెట్టె సర్ది, సూర్యుడి గుండ్రటి బొమ్మ వస్తోందా చూసుకోండి. గ్రహణం మొదలయ్యాక నేర్చుకుందామంటే కుదరదు.
- 4:00 నుంచి. జోడుతో నిమిషానికోసారి చూడండి. అంచున మొదటి నొక్కు ఎవరు ముందు చూస్తారో పిల్లలకి పందెం పెట్టండి.
- 4:30, 4:55, 5:15. కాగితం మీద బొమ్మ చుట్టూ పెన్సిల్‌తో గీసి పక్కన టైమ్ రాయండి. మీ ఊరి లెక్క మీ చేతి రాతతో ఉంటుంది.
- 5:30 దాటాక. సూర్యుడు కిందికి దిగి ఎర్రబడుతుంటాడు. చల్లబడ్డాడు కదా అని జోడు తీసేసే టైమ్ ఇదే. తీయకండి.

మూడో వంతు కప్పుకున్నా ఊరు చీకటి పడదు. "ఏం తేడా లేదే" అంటారు చుట్టుపక్కల వాళ్లు. వాళ్ల చేతికి బూందీ గరిటె ఇవ్వండి.

## 8. చంద్రగ్రహణం రాత్రి

దీనికి కళ్లజోడు అక్కర్లేదు, ఫిల్టరూ అక్కర్లేదు. ఎంతసేపైనా చూడొచ్చు, బైనాక్యులర్‌తో అయితే ఇంకా మంచిది. 10×50 (పది రెట్లు పెద్దది చేసి చూపే, 50 మిల్లీమీటర్ల ముందు లెన్సుది) ఉంటే సంపూర్ణ దశలో చంద్రుడు బంతిలా గుండ్రంగా వేలాడుతున్నట్టు కనిపిస్తాడు.

2028 డిసెంబరు 31కి నా ప్లాన్ ఇది. 8:15కి భోజనాలు ముగించి డాబా మీదికి. పట్టుకి పావుగంట ముందే కింది అంచున మసక తెలుస్తుంది. 8:37 తర్వాత నీడ అంచు వంపుని గమనించండి, ఆ వంపు భూమిది. 9:30 దాటాక ఎరుపు మొదలౌతుంది. మన భూమి గాలి పొరలోంచి వంగి వెళ్లిన ఎర్రటి వెలుగు అది. 9:46 నుంచి 10:57 దాకా తొందరేమీ లేదు. చాప వేసుకుని పడుకుని చూడండి.

ఆ ఎరుపు ఎంతన్నది ముందే ఎవరూ చెప్పలేరు. డాంజన్ స్కేలు అని 0 నుంచి 4 దాకా ఉంటుంది. 0 అంటే చంద్రుడు దాదాపు కనపడనంత నలుపు, 2 అంటే తుప్పు రంగు, 4 అంటే మెరిసే రాగి రంగు. ఇంట్లో అందరి చేతా మార్కులు వేయించి రాసి పెట్టుకోండి. 2029లో పోల్చి చూసుకోవచ్చు.

2029 డిసెంబరు 21కి అలారం 3:15కి. పట్టు నుంచి చూడాలనే పట్టింపు లేకపోతే సంపూర్ణం ముందు అరగంట చాలు. స్వెట్టర్, చెవులకి మఫ్లర్, ఫ్లాస్క్‌లో టీ. లెన్సు మీద మంచు పడుతుంది, మెత్తటి గుడ్డ ఉంచుకోండి. నది మీద పొగమంచు లేస్తే గట్టు దిగి డాబాకి వచ్చేయండి, రెండు అంతస్తుల ఎత్తు చాలాసార్లు కాపాడుతుంది.

## 9. ఫోటోలు

క్లుప్తంగా చెప్తాను. ఫోటో గొడవలో పడి గ్రహణం చూడనివాళ్లని చాలామందిని చూశాను.

ఫోన్: జూమ్ చేసి చంద్రుడి మీద వేలు పెట్టి, వెలుతురు గీతని కిందికి లాగండి. తెల్ల బల్బులా వచ్చేది అప్పుడే చంద్రుడౌతుంది. స్టాండు మీద పెట్టి మూడు సెకన్ల టైమర్ వాడండి.

పెద్ద కెమెరా, 300 మిల్లీమీటర్ల లెన్సు: పాక్షిక దశలో ఐఎస్ఓ 200, ఎఫ్ 8, సెకనులో 250వ వంతు దగ్గర మొదలుపెట్టండి. సంపూర్ణంలో ఐఎస్ఓ 1600, ఒక సెకను. అంతకంటే ఎక్కువ తెరిస్తే చంద్రుడు కదిలిన గీత పడుతుంది. ఫోకస్ పట్టుకి ముందే కుదిర్చి టేపు వేయండి.

సూర్యగ్రహణానికి లెన్సు ముందు సోలార్ ఫిల్టర్ తప్పనిసరి. ఫోన్‌కైతే గ్రహణం కళ్లజోడు ఒక కన్ను లెన్సు మీద అదిమి పట్టండి. మీ కన్ను ఫోన్ స్క్రీన్ మీదే ఉండాలి, పక్కనుంచి పైకి పోకూడదు.

## 10. ఇంట్లో పెద్దవాళ్లతో

ఇక్కడ వాదన పెట్టుకుంటే గ్రహణం ఇంట్లోనే పడుతుంది. మా నాయనమ్మ పట్టుస్నానం, విడుపుస్నానం, పచ్చడి జాడీ మీద దర్భ ఎప్పుడూ మానలేదు. నేను వద్దనలేదు. పట్టు, విడుపు టైములు ఆవిడకి సరిగ్గా రాసిచ్చే పని నాది. దానికి బదులుగా పిల్లల్ని డాబా మీదికి పంపేది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. గ్రహణం వల్ల గర్భిణికి గానీ బిడ్డకి గానీ హాని లేదు. కానీ 2031 మే ఎండల్లో మూడున్నర గంటలు పచ్చి మంచినీళ్లు కూడా లేకుండా గదిలో ఉంచితే హాని ఉంటుంది. షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకీ అంతే. "డాక్టరుగారు చెప్పారు" అనే మాట మా ఇంట్లో బాగా పనిచేసింది.

రోకలి పళ్లెంలో నిలబడటం గురించి కూడా అడుగుతారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం లేని మంగళవారం ఒకసారి నిలబెట్టి చూపించండి, చాలు.

గుళ్లు చాలావరకు మూస్తారు. ఆ రోజుల్లో తిరుమల ప్రయాణం పెట్టుకుంటే దర్శనం వేళలు ముందే కనుక్కోండి. శ్రీకాళహస్తి మాత్రం గ్రహణం వేళ కూడా తెరిచే ఉంటుంది, రద్దీకి సిద్ధపడి వెళ్లాలి.

## 11. తప్పు జరిగితే

మబ్బు పట్టింది. చంద్రగ్రహణం గంటల తరబడి సాగుతుంది, పావుగంటకోసారి తొంగి చూడండి. సూర్యగ్రహణమైతే, పలచని మబ్బులోంచి కంటికి హాయిగా కనిపిస్తోంది కదా అని జోడు తీయకండి. మబ్బు పక్కకి తప్పుకోవడానికి సెకను చాలు.

జోడులో ఏమీ కనపడటం లేదు. మీరు సూర్యుడి వైపు చూడటం లేదు. మీ నీడ ఎటు పడుతోందో చూసి, సరిగ్గా దానికి ఎదురు దిక్కుకి తిరగండి.

పెట్టెలో బొమ్మ గుండ్రంగానే ఉంది. బెజ్జం పెద్దదైంది, లేదా గ్రహణం ఇంకా మొదలవలేదు. కొత్త ఫాయిల్, కొత్త బెజ్జం.

ఎవరో జోడు లేకుండా చూసేశారు. కన్ను నులమనివ్వకండి. మర్నాటికి చూపు మధ్యలో మచ్చ, గీతలు వంకరగా కనిపించడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరుకి చూపించండి. చుక్కల మందు కొనుక్కుని వారం ఆగొద్దు.

టైమ్ తప్పింది. విశ్వకాలానికి ఐదున్నర గంటలు కలిపారా, తారీఖు మార్చారా, మళ్లీ చూడండి. ఇంకా సరిపోకపోతే వేరే ఊరి సూర్యగ్రహణం టైమ్ తీసుకుని ఉంటారు.

సంచిలో ఉండాల్సినవి:

□ కళ్లజోళ్లు, మనిషికొకటి, ఒకటి అదనం
□ బూందీ గరిటె, తెల్ల కాగితం, పెన్సిల్
□ నీళ్లు, టోపీ లేదా స్వెట్టర్, కాలాన్ని బట్టి
□ ఎర్ర కాగితం చుట్టిన టార్చి (రాత్రి గ్రహణాలకి)
□ దోమల మందు. గోదావరి గట్టున ఇది మర్చిపోతే పిల్లలు పావుగంటలో ఇంటికి పదమంటారు.

2027లో వాడిన జోళ్లను మడత పెట్టకుండా కవర్లో వేసి, పాత పంచాంగం పేజీల మధ్య ఉంచండి. గీతలు పడకపోతే 2031 మే 21కి మళ్లీ పరీక్షించి వాడుకోవచ్చు. కవర్ మీద తారీఖు రాయండి, నాలుగేళ్లలో ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తుండదు.